ఇప్పుడు చెప్పు, పైకి వినపడదు

పుత్తూరు నుంచి తిరుపతి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. వడమాలపేట ఇంకా రాకముందే రోడ్డు వారగా రెండు కర్రల నడుమ కట్టిన ఫ్లెక్సీ మీద ఆయన ముఖం కనిపించింది. మా వైపు మనిషి ఫ్లెక్సీ మీదికి ఎక్కాలంటే నాయకుడైనా కావాలి, ఎవరిదైనా పుట్టినరోజైనా కావాలి. డాక్టరు సారుకు ఎవరో సన్మానం చేస్తున్నారనుకున్నాను. ఇన్నాళ్ళకైనా ఈ ఊరికి బుద్ధి వచ్చిందని మనసులోనే స్వామికి ఒక దండం కూడా పెట్టుకున్నాను. బస్సు దగ్గరికి పోయాక ఫోటో కింద దీపం బొమ్మ కనబడింది. ఆ దీపం కింది అక్షరాలు కూడబలుక్కునేలోపల బస్సు దాటిపోయింది.

"వడమాలపేట! దిగేవాళ్ళు బిన్నా దిగండమ్మా" అని కండక్టరు కేక పెట్టాడు.

నేను దిగాల్సింది అక్కడే. ఆయన కోసమే వస్తున్నాను. వేసవి అంతా పూతలపట్టులో మా అమ్మ దగ్గర ఉన్నాను. అక్కడ ఉండగానే ఊపిరి మళ్ళీ చాలకుండా పోయింది. బిందె ఎత్తితే చాలదు, చీర పిండితే చాలదు, చివరికి గోవింద నామాలు గుక్క తిప్పుకోకుండా చదవడానికీ చాలలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇంటికి తిరిగి వచ్చి, సారు దగ్గరికి పోతే ఆయనే కనుక్కుంటారు కదా అన్న ఒక్క ధైర్యంతో బస్సెక్కాను.

దిగి, ఫ్లెక్సీ ఉన్న వైపు వెనక్కి నడిచాను. నడుమ జామకాయల బండి దగ్గర ఆగి ధర అడిగాను. కొనలేదు. మళ్ళీ నడిచాను. ఆయన పేరు పూర్తిగా చదవడం నాకు అదే మొదటిసారి. పేరు పక్కన కీర్తిశేషులు అని ఉంది. ఇన్నేళ్ళూ మాకు ఆయన డాక్టరు సారే తప్ప పేరున్న మనిషి కాదు. ఇక్కడా అలాగే రాస్తాను.

నేను బడికి పోలేదు. చిన్నతనంలో కీళ్ళు వాచి జ్వరం వచ్చి చాలాకాలం మంచం పట్టానట. లేచాక కూడా పిల్ల నలిగిపోయిందని మా అవ్వ బడికి పంపకుండా ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది. నామాలు చదివించింది, ముగ్గులు నేర్పింది. వాటితో పాటు ఇంకొకటి కూడా నేర్పింది.

"ఎవురడిగినా బాగుండామనే చెప్పాల. పైన తథాస్తు దేవతలు తిరగతా ఉంటారు. బాగలేదంటివనుకో, సరే అట్లే కానీలే అనేసి పోతారు."

ఆ మాట నాకు అక్షరాల కంటే ముందే ఒంటబట్టింది. బాగుండాను అనడం నాకు అబద్ధం ఆడినట్టు ఎప్పుడూ అనిపించలేదు, పూజ చేసినట్టే అనిపించేది. పొద్దున్నే దీపం పెట్టి, కళ్ళు ఇచ్చినందుకు, కాళ్ళు ఇచ్చినందుకు, తినే ముద్దకు, తాగే నీళ్ళకు ఒక్కొక్క దండం పెట్టుకుంటాను. అడగడం నాకు రాదు. ఉన్నదానికి దండం పెట్టడమే వచ్చు. మా అత్తగారింట్లో కూడా అదే పద్ధతి కావడంతో ఆ అలవాటు ఇంకా గట్టిపడింది.

ఆయనను మొదటిసారి చూసింది మా అత్త మోకాళ్ళ కోసం. పెళ్ళై నాలుగేళ్ళు అయి ఉంటుంది. ధనుర్మాసం. వడమాలపేటలో పుత్తూరు రోడ్డు మీద ఒక్క గది ఆసుపత్రి, బయట రెండు బెంచీలు. లోపల పొట్టిగా, దగ్గరగా కత్తిరించిన తెల్లగడ్డంతో ఒక మనిషి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, కిటికీకి ఎదురుగా కూర్చుని ఉన్నారు. చిత్తూరులో పుట్టి పెరిగారట. ఇంట్లో ఉర్దూ, మాతో మా తెలుగే.

అత్త మోకాళ్ళు నొక్కి చూసి, మందులు రాసి, చీటీ ఆమె చేతికి ఇవ్వకుండా అలాగే పట్టుకుని అడిగారు.

"సరే పెద్దమ్మా, నీ కోడలు ఎట్లుండాది?"

"దానికేం సార్, గుండ్రాయి మాదిరి ఉండాది."

"స్వామి దయ సార్, బాగుండాను" అని నేనూ వంత పాడాను.

ఆయన నా చేతి వేళ్ళ వైపు చూశారు. గోళ్ళ సందుల్లో ముగ్గుపిండి.

"నెల ముగ్గు కదా. ఈపొద్దు ఏం ముగ్గేసినావు తల్లీ?"

మగమనిషి, అందులోనూ డాక్టరు, ముగ్గు గురించి అడగడం నాకు వింతగా తోచింది. "చిన్నదే సార్. నాలుగు గీతలు."

"పండగ నెలలో నాలుగు గీతలేంది?"

మా అత్తకు కావలసింది దొరికింది. "అదే కదా సార్ నేను మొత్తుకొనేది! వచ్చిన కొత్తలో వీధి పట్టనంత రథాలేసేది. ఇప్పుడు వంగేదానికి బద్దకం. రెండు చుక్కలు పెట్టేది, గడప పట్టుకోని ఆకాశం చూస్తా నిలబడేది. పక్కింటామె తామరపూలు చూసి నేను తల దించుకోవాల."

"ఆకాశం ఎందుకు చూస్తావు తల్లీ?"

"ఊరికే సార్."

"ఊరికే ఎవురూ ఆకాశం చూడరు" అంటూ ఆయన స్టెతస్కోపు బిళ్ళను పిడికిట్లో పెట్టుకున్నారు. చాలాసేపు అలాగే మూసి పట్టుకున్నారు. ఎందుకో తరవాత ఎన్నోసార్లు చెప్పారు. చల్లటి ఇనుము తగిలితే గుండె ఉలిక్కిపడి అబద్ధం చెప్తుందట. వెచ్చబడ్డాక పెట్టి, కళ్ళు మూసుకుని విన్నారు. గుడిలో కూడా అంత నిశ్చలంగా నిలబడ్డ మనిషిని నేను చూడలేదు.

"చిన్నప్పుడు కీళ్ళు వాచి జరమొచ్చిందా?"

నేను తల ఊపాను. మా అత్త నోరు అక్కడే ఆగిపోయింది. అది ఆమెకు కూడా తెలియదు.

"పండుకుంటే ఊపిరాడతాదా?"

"ఆడతాది సార్. బాగుండాను."

"తల కింద దిండ్లు ఎన్ని?"

నేను కొంగు అంచు వేలికి చుట్టుకున్నాను.

"మా నాయన చిత్తూరులో పరుపులు కుట్టి మమ్మల్ని సాకినాడు. నా కాడ ఇంగ ఏమైనా అబద్ధం చెల్లుతాదేమో గానీ, దిండు గురించి చెల్లదు."

"మూడు సార్."

"మూడోది ఎందుకు?"

నా కళ్ళు పైకి పోయాయి. నేను పంపలేదు, వాటంతట అవే పోయాయి. ఆయన కూడా పైకి చూశారు. పైన పాత ఫ్యాను సన్నగా తిరుగుతోంది.

"ఎవురుండారు పైన?"

మా అత్త గొంతు తగ్గించి చెప్పింది. "తథాస్తు దేవతలు సార్. మా ఇండ్లల్లో బాగలేదని నోటితో అనరు."

నవ్వుతారనుకున్నాను. తిడతారనుకున్నాను. మా పిచ్చి నమ్మకాల వల్లే చస్తున్నామని అంటారనుకున్నాను. ఆయన లేచి గోడ దగ్గరికి పోయి రెగ్యులేటరు చివరిదాకా తిప్పారు. ఫ్యాను గడగడమని, రేకుల షెడ్డు మీద రాళ్ళు దొర్లినట్టు మోత మొదలుపెట్టింది. బల్ల మీది చీటీలన్నీ లేచాయి. వాటిని ఒక అరచేత్తో అదిమి, నా వైపు వంగి అన్నారు.

"ఇప్పుడు చెప్పు. పైకి వినపడదు."

నేను చెప్పాను. పడుకుంటే ఎవరో రొమ్ము మీద ఇసుక మూట పెట్టినట్టు ఉంటుందని, నీళ్ళలో మునిగిపోతున్నట్టు లేచి కూర్చుంటానని, లేచింది మా ఆయనకు తెలియకుండా చీర కొంగు నోట్లో కుక్కుకుంటానని, ముగ్గు దగ్గర ఆకాశం చూసేది గాలి కోసమని. చనిపోతానని భయంగా ఉందని. ఆ చివరి మాట అన్నాక నాకే భయమేసి ఏడుపు వచ్చింది. మా అత్త నా వీపు మీద చెయ్యి వేసింది. నన్ను బద్దకస్తురాలని ఆమె మళ్ళీ అనలేదు.

ఆ ఫ్యాను మోత కింద నేను ఎన్నిసార్లు మాట్లాడానో. ఆ కీళ్ళ జ్వరం మళ్ళీ రాకుండా మూడు వారాలకొకసారి సూది మందు కోసం పోయేదాన్ని. నేను లోపలికి రాగానే ఆయన ముందు లేచి ఫ్యాను వేగం పెంచేవారు, తరవాతే కూర్చునేవారు. బయట బెంచీ మీద వాళ్ళకు, ఈమె వచ్చిందంటే సారుకు ఉక్కపోస్తుందని వేళాకోళం. సూది గుచ్చేటప్పుడు ముగ్గుల పేర్లు చెప్పమనేవారు. "రథం, తామర, నెమలి, మెలికలు..." మెలికల దగ్గరికి వచ్చేసరికి సూది బయటికి వచ్చేసేది. నాకు పెట్టిన పేరు ముగ్గులమ్మ.

కిటికీకి ఎదురుగా ఎందుకు కూర్చుంటారో కూడా మెల్లగా తెలిసింది. బస్సు దిగి ఆసుపత్రికి వచ్చే వాళ్ళ నడక ఆయన అక్కడినుంచి చూసేవారు. ఒకసారి నేను కూర్చోకముందే అడిగారు.

"జామకాయలు ఏం ధర చెప్పినాడు?"

"ఇరవైయంట సార్."

"కొన్నావా?"

"లేదు సార్."

"పోయినసారీ కొనలేదు. దోవలో ధర అడిగి కొనకుండా వచ్చేవాళ్ళంతా నా గుండె జబ్బోళ్ళే. ఆ బండాయన నన్ను తిట్టుకుంటా ఉంటాడు. ఈపొద్దు రెండుసార్లు ఆగినావు. రెండోసారి కరెంటు స్తంభాన్ని ఏం ధర అడిగినావు?"

నవ్వు వచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. ఒక మనిషి నా నడకను అంత శ్రద్ధగా చూడడం నాకు తెలిసి అదే మొదలు. కన్నతల్లి చూసి ఉంటుంది, నడక నేర్చుకునేటప్పుడు.

ముగ్గు ప్రశ్న ఆయనకు సరదా అనే చాలాకాలం అనుకున్నాను. డాక్టరుకు ముగ్గుల పిచ్చి అని మా వీధిలో చెప్పుకునేవాళ్ళం. ఆసుపత్రిలో ఉండే సిస్టరు ఒకసారి నవ్వింది. "ముగ్గూ లేదు, పిండీ లేదు. వంగి లేచి ఎంతసేపు పని చేస్తావో దాంట్లో కనుక్కుంటాడు. గొర్రెలాయన్ను ఏమడుగుతాడో తెలుసా? గొర్రెలు నీకోసం నిలబడతా ఉండాయా, నువ్వు గొర్రెల కోసం నిలబడతా ఉండావా, అని." బాగుండావా అని అడిగితే అందరూ బాగుండామనే అంటారని ఆయనకు తెలుసు. అందుకే ఆ ఒక్క ప్రశ్న అడిగి ఆయన ఎవరినీ వదిలిపెట్టలేదు, దాని వెనక ఇంకొక ప్రశ్న ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

గుండెలో ఒక తలుపు సన్నబడిపోయిందని, తిరుపతి పెద్దాసుపత్రిలో దాన్ని తెరిపించాలని ఆయన చెప్పినప్పుడు నేను ఒప్పుకోలేదు. స్వామి ఇచ్చిన గుండెను బాగలేదని ఊరు దాటి పోయి చెప్పుకోవడమా అనిపించింది. మందులు చాలు సార్ అన్నాను. ఆయన వాదించలేదు. స్టెతస్కోపు తీసి, దాని రెండు కొసలు నా చెవుల్లో పెట్టి, బిళ్ళను పిడికిట్లో వెచ్చచేసి నా చేతికి ఇచ్చి, ఎక్కడ ఆనించుకోవాలో చూపించారు. ఆనించుకున్నాను.

అందరి గుండెలూ టక్కు టక్కుమంటాయని విన్నాను. నా దాంట్లో అది ఉంది, దాని వెనకనే దూరంగా ఎవరో తిరగలి విసురుతున్నట్టు ఒక గరగర కూడా ఉంది. లోపల గింజలు లేకుండా రాయి మీద రాయి తిరుగుతున్నట్టు. నేను ఆయన వైపు చూశాను.

"నేను చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు. అదే చెప్తా ఉండాది. దాని నోరు మూయిస్తావా?"

తిరుపతికి పోయే రోజున మా ఆయనకు సెలవు దొరకలేదు. శ్రీ సిటీలో అప్పుడే పనిలో చేరాడు, మానేస్తే పేరు తీసేస్తారు. సారు దగ్గర కాగితం తీసుకుని అత్తా నేనూ వడమాలపేట బస్టాపులో నిలబడి ఉంటే సారు చేతిలో గుడ్డ సంచీతో వచ్చి మా పక్కన నిలబడ్డారు. ఆసుపత్రికి తాళం.

"మీరెందుకు సార్, కాగితం రాసిచ్చినారు కదా" అంది అత్త.

"కాగితం మాట్లాడదు పెద్దమ్మా. నీ కోడలు అంతకన్నా మాట్లాడదు."

పెద్దాసుపత్రి వరసలో మమ్మల్ని కూర్చోబెట్టి తాను నిలబడ్డారు. అక్కడ ఆయన డాక్టరని ఎవరికీ తెలియదు, ఆయనా చెప్పలేదు. వెనకనుంచి ఎవరో "పెద్దాయనా, పక్కకు జరుగు" అంటే జరిగారు కూడా. మా వంతు వచ్చి లోపలికి పోయాం. తల ఎత్తకుండా అక్కడి డాక్టరు, ఎలా ఉందమ్మా అన్నాడు. నా నోరు ఎప్పటిలాగే తెరుచుకుంది.

"స్వామి దయ సార్, బాగుండాను."

నా వెనకనుంచి ఆయన గొంతు వచ్చింది.

"ఈయమ్మ బాగుండానంటాది. నమ్మొద్దండి."

అప్పుడు ఆ డాక్టరు తల ఎత్తాడు. సారు చెప్పడం మొదలుపెట్టారు. ఏ ముగ్గు దగ్గర ఆగుతానో, దిండ్లు ఎన్నో, బండి దగ్గర ఎంతసేపు నిలబడతానో, మాట్లాడుతూ ఏ మాట దగ్గర గుక్క తిప్పుకుంటానో. అన్నీ నా గురించే, కొన్ని నాకే తెలియనివి. విని ఆ డాక్టరు, మీరు ఈమెకు ఏమవుతారు అని అడిగాడు.

"నేనా? ఈయమ్మకు నోరు నేనే" అన్నారు.

తొడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం పంపి, బుడగ ఊది, మూసుకుపోయిన తలుపును తెరిచారు. లోపలికి తీసుకుపోయే ముందు సారు నా తల దగ్గరికి వచ్చి, "నువ్వు మీ స్వామికి చెప్పు, నేను మావాడికి చెప్తా. ఇద్దరిలో ఎవురు ఖాళీగా ఉంటే వాళ్ళు చూసుకుంటారు" అన్నారు. నేను బయటికి వచ్చేసరికి వరండా చివర గోడ పక్కన తువ్వాలు పరిచి నమాజులో ఉన్నారు. మా అత్త ఆయన చెప్పుల దగ్గర కూర్చుని గోవిందా గోవిందా అనుకుంటోంది.

ఆ తరవాత నాకు బతుకు దొరికింది. కూతురు పుట్టింది. ఇన్నేళ్ళు రథాలు వేశాను, నెమళ్ళు వేశాను. ప్రతి ముగ్గూ పోయి ఆయనకు చెప్పాను. పొద్దున్నే పెట్టుకునే దండాల్లో కళ్ళకు, కాళ్ళకు పెట్టిన తరవాత ఊపిరికి ఒకటి పెడతాను. ఆ దండం స్వామి పాదాల దగ్గరికి పోయే దోవలో వడమాలపేటలో ఒక నిమిషం ఆగి పోతుందని నాకు ఎప్పుడూ అనిపించేది. అది తప్పో ఒప్పో తెలియదు.

ఆయనను చివరిసారి చూసింది వేసవికి ముందు, ఆ పైన సూది పూతలపట్టులోనే వేయించుకున్నాను. కరెంటు లేదు. గదిలో ఎప్పుడూ లేనంత నిశ్శబ్దం. సారు చొక్కా చేతులు కిందికి దించి, మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకుని ఉన్నారు. లేవకుండానే సూది వేశారు. మెలికల ముగ్గు దాకా రాకముందే వేలు వణికి మళ్ళీ గుచ్చాల్సి వచ్చింది. చెంపలు లోపలికి పోయాయి. నేను అడిగాను.

"మీరెట్లుండారు సార్?"

ఆయన పైకి చూశారు. ఫ్యాను కదలడం లేదు. చాలాసేపు దాన్నే చూసి, నా వైపు తిరిగి చిన్నగా నవ్వారు.

"బాగుండాను ముగ్గులమ్మా. తథాస్తు దేవతలు తిరగతా ఉంటారు కదా."

నేను కూడా నవ్వాను. మా మాట ఆయన నోట విని ముచ్చట పడ్డాను. ఇంటికి పోయి అత్తకు కూడా చెప్పి నవ్వించాను.

ఇప్పుడు ఫ్లెక్సీ కింద నిలబడి ఉంటే ఆ నవ్వు గుర్తుకు వచ్చింది. ఎన్నో ఏళ్ళు నా బాగుండానును నమ్మని మనిషి ఆయన. ఆయన బాగుండానును నేను ఒక్కసారికే నమ్మేశాను.

ఆసుపత్రి షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి పోయాను. సిస్టరు అట్టపెట్టెల్లో సామాను సర్దుతోంది. నన్ను చూసి చేతిలో సీసా కింద పెట్టి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నీకిప్పుడు తెలిసిందా అక్కా? కడుపులో గడ్డంట. రాయవేలూరు ఆసుపత్రికి పోయొచ్చేది మాకు కూడా చెప్పలేదు. ఎవురడిగినా బాగుండా బాగుండా అంటానే ఉన్నాడు."

నా వైపు పరీక్షగా చూసింది. "ఏంది, అట్ల ఎగపోస్తా ఉండావు? కూర్చో. కాళ్ళు చాపు." చీర అంచు పక్కకు తీసి పాదం పైన వేలితో నొక్కింది. వేలు తీసినా ఆ గుంట పూడలేదు.

"మళ్ళా మూసుకుపోయినట్టుండాది. ఆలస్యం చెయ్యొద్దు, తిరపతికి పో. అక్కా, విను, ఆడ ఎవురికీ ఏమీ తెలీదు. నువ్వే చెప్పుకోవాల."

నేను పైకి చూశాను. ఫ్యాను రెక్కల మీద సన్నగా దుమ్ము.

"కరెంటు తీసేసినారు" అంది సిస్టరు, నేను అడగకుండానే.

మరుసటి పొద్దున గుమ్మం ముందు వంగి ఒక్క చుక్క పెట్టాను. రెండోది పెట్టడానికి చెయ్యి పోలేదు. గడప పట్టుకుని ఆకాశం చూశాను, మళ్ళీ అదే ఆకాశం, అదే చాలని గాలి. పాప వచ్చి నా చేతిలోంచి ముగ్గుపిండి గిన్నె తీసుకుంది. లోపలికి పోయి దీపం పెట్టి దండం పెట్టుకోబోయాను. కళ్ళకు పెట్టాను, కాళ్ళకు పెట్టాను. ఊపిరి దగ్గర ఆగిపోయాను. లేనిదానికి ఎట్లా పెట్టేది? పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి స్వామి ముందు నా నోట కృతజ్ఞత రాలేదు. పాపను ఎవరికి అప్పగించేది అన్న మాట ఒకటి లోపల గిరగిరా తిరిగింది. దాన్ని బయటికి అనలేదు. అంటే పైన వింటారు.

మా ఆయన మళ్ళీ సెలవు అడిగాడు, మళ్ళీ దొరకలేదు. అత్త కర్ర పట్టుకుని నాకు తోడు బయలుదేరింది. పెద్దాసుపత్రి ముందు బస్సు దిగి లోపలికి పోయేలోపల పండ్ల బండి దగ్గర, పూల అంగడి దగ్గర, మాస్కులు అమ్మే ఆయన దగ్గర అన్నిటికీ ధర అడిగాను. చూసే కిటికీ ఏదీ లేదు. వరసలో మేమే నిలబడ్డాం. అత్త నిలబడలేక నేల మీద కూర్చుంది, నేను ఆమె పక్కన గోడకు ఆనుకున్నాను. అంతమంది జనంలో నాకు ఒకటే భయం. ఊపిరి ఆగిపోతుందని కాదు, లోపలికి పోయాక ఏమంటానో అని.

గది చల్లగా ఉంది. కుర్ర డాక్టరు, అలిసిపోయిన ముఖం. బయట ఇంకా ఎంతమంది ఉన్నారో ఆయనకు తెలుసు. పాత కాగితాలు తిరగేశాడు.

"బెలూను చేసి చాలా ఏళ్ళైంది. ఇప్పుడెలా ఉందమ్మా?"

నాకంటే ముందు మా అత్త అందుకుంది. "దేవుడి దయ సార్, బాగుండాది. రవ్వంత ఆయాసం, అంతే." పాపం, ఆమె నా మీది ప్రేమతోనే అంది. కోడలికి కీడు రాకూడదని అంది.

"అంతేనా? మీకేమీ ఇబ్బంది లేదుగా?" అని నా వైపు చూశాడు.

నా పెదవులు ఆ మాటకు అప్పటికే సిద్ధమైపోయాయి. నేను తల ఊపినట్టున్నాను. ఆయన కంప్యూటరు వైపు తిరిగాడు. "సరే, అవే మందులు వాడండి. మూడు నెలల తరవాత రండి" అంటూ టైపు కొట్టడం మొదలుపెట్టాడు.

మూడు నెలలు! మూడు రోజులు ఎట్లా గడుస్తాయో నాకు తెలియడం లేదు.

నేను పైకి చూశాను. తెల్లటి కప్పు. ఫ్యాను లేదు. గోడ మీది ఏసీ చప్పుడు చేయకుండా గాలి వదులుతోంది. ఆ గదిలో వినపడేది నా ఊపిరి ఒక్కటే. ఇక్కడ ఏమన్నా పైకి సూటిగా పోతుంది, అడ్డం ఏదీ లేదు. వెనకనుంచి ఒక గొంతు వస్తుందని ఎదురుచూశాను. వెనక తలుపు ఉంది, తలుపు దగ్గర తరవాతి మనిషి కాగితాలతో నిలబడి ఉన్నాడు. డాక్టరు చీటీ నా ముందుకు జరిపాడు. మా అత్త దాన్ని తీసుకుని లేవబోయింది.

నేను లేవలేదు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకున్నాను.

"సార్."

"ఏంటమ్మా?"

"నేను బాగుండానంటాను. నమ్మొద్దండి."